వీధిలో గొడుగావిడ

ఆట మొదలైందో లేదో, మా ఆయన వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయారు. మా ఇంట్లోకి కాదు, కంప్యూటర్ తెర మీదున్న ఇంట్లోకి. అక్కడ అరుగు మీద కూర్చుని, మెడ తిప్పి వాళ్ళ చెల్లెల్ని అడిగారు.

"రేవతీ, మంచినీళ్ళు తాగాలంటే ఏది నొక్కాలే?"

"ఇప్పుడు నీళ్ళెందుకన్నయ్యా? రేవుకెళ్ళాలి కదా నువ్వు?"

"వెళ్తానే. కాసేపాగి వెళ్తాను."

నాకు నవ్వొచ్చింది. తెర మీద వీధిలో ఎవరు నిలబడి ఉన్నారో చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ ఆట సంగతి చెప్పాలి.

అది రెండు వేల ఐదు వేసవి. ముక్తేశ్వరంలో రేవుకి వెళ్ళే దారిలోనే మా ఇల్లు. మా ఆయన రమణబాబుకి రేవతి ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్ళైన కొన్నాళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. పొద్దున్న అమలాపురంలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేది. మధ్యాహ్నం బస్సుకి వచ్చి, అన్నం తిని, వెనక గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునేది. ఏం చేస్తోందో ఎవరికీ తెలీదు. ఉద్యోగానికి పరీక్షేదో చదువుతోందని మా ఆయన అనుకున్నారు. మా అత్తగారు మంగాయమ్మగారు, పిల్ల ఏదో ఒక పనిలో ఉంటే చాలనుకున్నారు. నేనో రోజు కాఫీ గ్లాసు పట్టుకుని లోపలికెళ్ళి చూద్దును కదా, తెర మీద మా వీధి ఉంది.

అచ్చం మా వీధే. సూర్యావతి పిన్నిగారి దడి, దాని మీద ఆరేసిన చీర, పక్కన కాలవ, కాలవ మీదకి ఒరిగిన కొబ్బరిచెట్టు. దగ్గరికెళ్ళి చూస్తే అంతా ముగ్గులో చుక్కల్లా రంగురంగుల చుక్కలే. రెండడుగులు వెనక్కి వేస్తే వీధి.

"ఇదేంటమ్మాయ్?" అన్నాను.

"ఆట వదినా. నేనే చేస్తున్నాను."

"నువ్వంటే? ఇంకెవరు?"

"ఇంకెవరూ లేరు. బొమ్మలు, చప్పుళ్ళు, మాటలు, అన్నీ నేనే."

నేను నమ్మలేదు. కంప్యూటర్ ఆటలంటే కార్లు గుద్దుకోవడం, తుపాకులు పేల్చుకోవడం అని నా ఉద్దేశం. అవన్నీ ఎక్కడో విదేశాల్లో పెద్ద పెద్ద మేడల్లో వందలమంది కూర్చుని తయారుచేస్తారనుకునేదాన్ని. మా వెనక గదిలో, బియ్యం బస్తాల పక్కన, ఈ పిల్ల ఒక్కర్తీ కూర్చుని ఒకటి చేస్తోందంటే ఎలా నమ్మను?

"కూర్చుని ఆడు. తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పు" అని కుర్చీ నాకిచ్చింది. అలా ఆ ఆటని ఆడిన మొదటి మనిషిని నేను. ఆ సంగతి ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను.

ఆట పేరు 'రేవు'. అందులో మనం ఒక పెద్దావిడ. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా చంకన పెట్టుకుని, వీధి దాటి, రేవుకెళ్ళి, పంటెక్కి గోదారి దాటి, అవతల కోటిపల్లిలో ఉన్న మనవరాలికి ఇవ్వాలి. వింటే ఇంతేనా అనిపిస్తుంది, ఆడితే ఇంతుందా అనిపిస్తుంది. గబగబా నడిస్తే పూతరేకులు నలిగిపోతాయి. మెల్లగా నడిస్తే పంటు వెళ్ళిపోతుంది. ఇసక మేటలు మారుతుంటాయి కాబట్టి పంటు ఇవాళ ఏ పక్కన ఆగుతోందో ఎవరినో ఒకర్ని అడగాలి. అడిగితే ఎవరూ వెంటనే చెప్పరు. "ముందు లోపలికి రండి, కాఫీ తాగి వెళ్దురుగాని" అంటారు. వద్దని వచ్చేస్తే వాళ్ళకి కష్టమనిపిస్తుంది, ఇక నోరు విప్పరు. ప్రతి ఇంట్లోనూ తాగుతూ కూర్చుంటే పంటు దాటిపోతుంది. ఎవరింట్లో కూర్చోవాలో, ఎవరికి "ఇప్పుడే తాగేనండి, మీ ఇంట్లో తాగినట్టే" అని చెప్పి తప్పించుకోవాలో మనకే తెలియాలి.

నేను ముక్కున వేలేసుకున్నాను. మా వైపు బతుకంతా పట్టుకొచ్చి ఆటలో పెట్టేసింది. పొద్దున్న లేస్తే మేమందరం చేసేది అదే కదా! అది ఆడుకునే విషయమని నాకెప్పుడూ తట్టలేదు.

ఇక చప్పుళ్ళు. రేవతి టేప్‌రికార్డర్ పట్టుకెళ్ళి రేవులో పంటు ఇంజను చప్పుడు పట్టుకొచ్చింది. తెర మీద పంటు కదిలి ఆ చప్పుడు వినబడగానే నా ఒళ్ళు ఝల్లుమంది. కోటిపల్లి వైపు నుంచి ఆ పంటు మీదే, మెడలో పచ్చి పసుపుతాడుతో, ఏడుపు ఆపుకుంటూ ఈ ఊరొచ్చాను. ఇవతలి గట్టు దగ్గరపడుతుంటే పంటు కమ్మీని ఎలా పట్టుకున్నానో, ఇన్నేళ్ళ తరవాత ఒక పెట్టె ముందు కూర్చుని బల్ల అంచుని అలాగే పట్టుకున్నాను. తప్పులు చెప్పమంది కాబట్టి చెప్పాను. కోడి గుమ్మడికాయలా ఉంది, కాలవ నీళ్ళు పెసరట్టు పిండిలా ఉన్నాయి, పెద్దావిడ నడక సిపాయి నడకలా ఉంది అన్నాను. నీళ్ళూ నడకా సరిచేసింది. కోడిని మాత్రం ముట్టుకోలేదు.

"ఉండనీ వదినా, ముద్దొస్తోంది" అంది.

ఆవకాయలు పెట్టుకున్న రోజుల్లో హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ ఎవరో కొత్తగా ఆటలు చేసేవాళ్ళందరినీ ఒకచోట చేర్చి ప్రదర్శన పెడుతున్నారట. రేవతి పంపిన బొమ్మలు వాళ్ళకి నచ్చాయి. జూన్‌లో డెమో పట్టుకుని రమ్మన్నారు. నచ్చితే మిగతా ఆటంతా ఇంటి నుంచే చేసుకోవచ్చు, జీతం వాళ్ళిస్తారు. ఒకటే షరతు. కంప్యూటర్ మొహం చూడనివాళ్ళు కూడా పక్కన ఎవరూ చెప్పకుండా డెమో చివరిదాకా ఆడగలగాలి.

"డెమో అంటే ఏంటే?" అన్నారు సూర్యావతి పిన్నిగారు.

"కూర దింపేముందు అరచేతిలో వేసుకుని ఉప్పు చూస్తాం కదండీ, అది" అని నేనే చెప్పాను. అప్పటికి నాకు అంత పరిజ్ఞానం వచ్చేసింది.

రోహిణి కార్తెలో ఒక ఆదివారం మధ్యాహ్నం, వెనక గదిలోని కంప్యూటర్‌ని హాల్లోకి తెచ్చిపెట్టి రేవతి అందరినీ పిలిచింది. మొదట కూర్చున్నది మా ఆయన. ఆయన వెనక్కి తిరిగిన సంగతి చెప్పాను కదా. ఆయన చూసిన మనిషి నేను ఆడినప్పుడు ఆటలో లేదు. ఆ వారంలోనే రేవతి కొత్తగా పెట్టింది. వీధి మధ్యలో ఒకావిడ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. మామూలు నేత చీర, ఆకుపచ్చ అంచు. ఆటలో మిగతా ఆడవాళ్ళందరి నుదుటి మీదా ఒక ఎర్ర చుక్క ఉంది. ఈవిడకి లేదు. తెర మీద అది ఆవగింజంత కూడా ఉండదు. అయినా మా ఆయన కంటికి వీధి చివర నుంచే ఆనింది.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరు ముఖ్యమైన పని మీద బయల్దేరినా నేను నీళ్ళ చెంబుతో గేటు బయటికెళ్ళి ఎదురు రావాలి. ఇంటి కోడల్ని, పసుపుకుంకాలున్న మనిషిని, మంచి శకునమట. పొయ్యి మీద పప్పు మాడిపోతున్నా సరే, "లక్ష్మీ, ఒకసారి ఎదురు రా" అంటే వెళ్ళాల్సిందే. జీతంలేని ఉద్యోగం. సరిగ్గా అదే సమయానికి మా అత్తగారు గొంతు పెంచకుండా, "రేవతీ, పాలు పొంగుతున్నాయేమో చూద్దాం రామ్మా" అని కూతుర్ని తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోతారు. మా మామగారు నూకరాజుగారు పోయినప్పట్నుంచి ఆవిడ ఒక్కరే వెళ్ళేవారు. రేవతి వచ్చాక ఇద్దరూ వెళ్తున్నారు. పొయ్యి మీద పాలుండవు. ఒక్కోసారి పొయ్యే వెలిగించి ఉండదు. కానీ మా ఇంట్లో ఎవరూ ఎవరినీ తప్పుకోమనరు. అంత మర్యాదస్తులం మరి! నాకు ఒళ్ళు మండేది, చెంబు తీసుకుని వెళ్ళేదాన్ని.

పొరపాటున అలాంటివాళ్ళెవరైనా ఎదురొస్తే వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతారు. మా ఆయన ఆటలో చేసింది అదే. ఆలోచించి చేశారని నేననను. ఎదురుగా బండొస్తే పక్కకి తప్పుకున్నట్టు, వేలు దానంతటదే వెనక్కి తిప్పేసింది.

తరవాత సూర్యావతి పిన్నిగారు కూర్చున్నారు. "అయ్యయ్యో, బయల్దేరంగానే" అంటూ వెనక్కి. అరుగు. కుండలో నీళ్ళు. మళ్ళీ వీధి. ఆవిడ అక్కడే ఉంది. మళ్ళీ వెనక్కి.

"ఈ ఆట ఇక్కడ్నించి కదలట్లేదే అమ్మాయ్. ఏదో పాడైపోయినట్టుంది" అన్నారు.

తరవాత కొబ్బరికాయల వ్యాపారం చేసే ధనరాజుగారు. కాకినాడలో వీడియో ఆటల షాపుకి వెళ్ళొచ్చిన అనుభవముందని ఆయన ముందే చెప్పుకున్నారు. కుర్చీ దగ్గరకి లాక్కుని, కళ్ళజోడు సర్దుకుని, పెద్దావిడని ఠీవిగా గుమ్మం దాటించారు. అంతే, ఆయనా వెనక్కి.

"ఆటయితే బెమ్మాండంగా ఉందండి. ఆ కాఫీ సంగతదీ విన్నానండి, ఆయ్. కాకపోతే శకునమే బాలేదండి" అన్నారు, ఎంతో మర్యాదగా.

రేవతి గోడకి ఆనుకుని నిలబడింది, ఆకుపచ్చ అంచు నేత చీరలో. ధనరాజుగారు అప్పుడు తలెత్తి ఆ పిల్లని చూసి, తెర చూసి, కండువాతో మొహం తుడుచుకుని, పొలంలో మనుషులున్నారండీ అంటూ లేచి వెళ్ళిపోయారు.

ఆ గొడుగావిడ దగ్గరకి వెళ్తే ఏమవుతుందో ఆ పూట ఎవరూ చూడలేదు. ఆవిడ వాన వచ్చేలా ఉందని చెప్పి, గొడుగు చేతికిస్తుంది. ఆ గొడుగు లేకుండా రేవుకి వెళ్తే గట్టు మీద వాన పట్టుకుని పూతరేకులు ముద్దైపోతాయి. ఆవిడ్ని దాటకుండా ఆట చివరిదాకా వెళ్ళడం కుదరదు.

అందరూ వెళ్ళాక మా ఆయన చెల్లెలి పక్కన కూర్చున్నారు. చెడ్డ మనిషి కాదు. కరెంటు పోతే పిల్ల పని పాడవుతుందని అమలాపురం నుంచి యూపీఎస్ ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తెచ్చిన మనిషి.

"చూడమ్మా, ఇంత బాగా చేసేవు. ఇదొక్కటే అడ్డం పడతాంది. చిన్న చుక్కే కదా. ఒక్క ఎర్ర చుక్క పెట్టెయ్ ఆవిడకి, ఎంచక్కా అందరూ ముందుకెళ్తారు. బొమ్మే కదా, బొమ్మకి పెడితే ఎవరేవంటారు?"

అన్నాక ఆయనకే వినబడింది తానేమన్నారో. లేచి వీధిలోకి వెళ్ళిపోయారు.

"నువ్వూ పెట్టెయ్యమంటావా వదినా?" అంది రేవతి.

"నీకేమనిపిస్తోంది?"

"మిగతా ఆటంతా హైదరాబాదు వాళ్ళ కోసం చేసినా పర్లేదు. ఆవిడ మాత్రం నాకోసం. ఎవరో ఒకరు ఆవిడ దగ్గరికెళ్ళి గొడుగు తీసుకుంటే చూడాలని ఆశ. ఆవిడ్ని ఈ వారమే పెట్టినా, ఈ ఆట మొదలెట్టింది అందుకే." మౌస్ పక్కకి నెట్టి, "కానీ ఎవరూ ముందుకెళ్ళకపోతే ఆటే పోతాది కదా. రేపు పెట్టేస్తాను" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఒక పెద్ద తుఫానుకి పడిపోయే చెట్టు వేరు. ఒక్క చుక్క దగ్గర, అదీ అది లేకపోవడం దగ్గర, ఈ పిల్ల ఇన్నాళ్ళ పని ఆగిపోయింది. కాదు, పెట్టకు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. జీతం తనది, బతుకు తనది.

మర్నాడు మధ్యాహ్నం రేవతి మళ్ళీ వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆవిడ బొమ్మని తెర నిండా పెద్దది చేసింది. అప్పుడే మా అత్తగారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఆదివారం నాడు ఆవిడ హాల్లోకి రాలేదు. జనం వస్తూ పోతూ ఉన్నారని వంటింట్లోనే ఉండిపోయారు.

"చుక్క పెట్టేసేవా?" అన్నారు.

"పెట్టబోతున్నానమ్మా."

"ఉండు. నన్నోసారి చూడనీ."

రేవతి కుర్చీ ఇచ్చింది. మా అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుని, బాణం గుర్తున్న మీట మీద చూపుడువేలు ఆనించారు, కాలుతుందేమోనన్నట్టు. పెద్దావిడ గుమ్మం దాటింది. కోడిని చూసి, "ఇదేం కోడే!" అన్నారు. వీధి మధ్యలో ఆవిడ కనబడింది. మా అత్తగారి వేలు ఆగింది. వెనక్కి తిప్పారు. అరుగు మీద కూర్చోబెట్టారు. మంచినీళ్ళు తాగించారు. కాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఈపాటికి వెళ్ళిపోయుంటాదిలే" అని మళ్ళీ బయల్దేరారు. ఆవిడ వెళ్ళలేదు. గొడుగుతో అక్కడే ఉంది.

"ఈవిడ లోపలికెళ్ళదేంటే?"

"వెళ్ళదమ్మా."

"మనం వస్తన్నామని కనపడతాంది కదా. తప్పుకోవద్దూ?"

"తప్పుకోడం నేను నేర్పలేదమ్మా ఆవిడకి."

"నేర్పితే తప్పుకుంటాదా?"

"నేర్పితే తప్పుకుంటాది. ఏది నేర్పితే అది చేస్తాది."

మా అత్తగారు తెర వైపే చూస్తున్నారు. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"ఎండలో ఎప్పట్నుంచి నిలబడ్డాదే అలాగ?"

"ఆట మొదలైనప్పట్నుంచీ. మన కోసమేనమ్మా."

"మన కోసమా?"

"ఆయ్."

మా అత్తగారు వేలు మళ్ళీ మీట మీద పెట్టి, ఈసారి వదలకుండా నొక్కి ఉంచారు. పెద్దావిడ నడుచుకుంటూ వెళ్ళి గొడుగావిడ ముందు ఆగింది. తెర కింద అక్షరాలు వచ్చాయి. మా అత్తగారు కూడబలుక్కుంటూ పైకి చదివారు.

"బయల్దేరేరా అండీ? వాన వచ్చేలా ఉంది. ఈ గొడుగు పట్టికెళ్ళండి. వచ్చేటప్పుడు ఇద్దురుగాని."

తరవాత మా అత్తగారు ఆడిన తీరు చూడాలి! నలభై ఏళ్ళు ఆ వీధిలో కాపరం చేసిన మనిషి. ఎవరింట్లో కాఫీ తాగాలో, ఎవరింట్లో తప్పించుకోవాలో ఒక్కచోట కూడా తడబడలేదు. గట్టు మీద వాన మొదలైంది. రేవతి ఆ వానని ఎంత బాగా వేసిందో నేను చెప్పలేను. మొదట గోదారి మీద దూరంగా బూడిదరంగు తెర, తరవాత ఇసకలో ఒక్కో చుక్కా పడి ఆరిపోవడం, తరవాత మొత్తం. గొడుగు విచ్చుకుంది. పంటు కదిలింది. కోటిపల్లిలో మనవరాలు డబ్బా మూత తీసింది.

"పొడిగానే ఉన్నాయి" అన్నారు మా అత్తగారు.

లేచి గుమ్మందాకా వెళ్ళి ఆగారు.

"చుక్క పెట్టకు. ఉండనీ అలాగే."

"మరి ఎవరూ ముందుకెళ్ళకపోతేనో?" అంది రేవతి.

"వెళ్తే వెళ్తారు. లేపోతే తడుస్తారు" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయారు.

మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాక రేవతి ప్రయాణం. చుక్క పెట్టలేదు. సీడీని చీర మడతల మధ్య పెట్టుకుంది. మా ఆయన అమలాపురందాకా బండి మీద దింపి హైదరాబాదు బస్సెక్కించాలి. బండి బయటికి తీసి, "లక్ష్మీ, ఎదురు రా" అని కేకేశారు. నేను చెంబు తీసుకుని గేటు బయటికెళ్ళాను. రేవతి అరుగు మెట్ల మీద ఆగి వెనక్కి చూసింది.

"అమ్మేదన్నయ్యా?"

"పాలు చూస్తన్నానే" అని వంటింట్లోంచి మా అత్తగారి గొంతు వినబడింది. "నువ్వు వెళ్ళిరా. క్షేమంగా వెళ్ళిరా అమ్మా."

రేవతి సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగి వచ్చింది. నేను ఎదురెళ్ళాను. ఆ పిల్ల మొహం చూడలేక చెంబులోకి చూస్తూ నడిచాను. ఆట దగ్గర అంత మాటన్న మనిషి, సొంత కూతురు బయల్దేరుతుంటే గుమ్మందాకా రాలేకపోయింది. కోపమొచ్చింది నాకు. బండి మలుపు తిరిగాక వంటింట్లోకి వెళ్ళి చూస్తే, ఆవిడ వెలిగించని పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉన్నారు. మొహం కొంగులో దాచుకున్నారు. నా కోపం ఎటు పోయిందో తెలీదు. పక్కన కూర్చున్నాను.

ప్రదర్శన రోజు సాయంత్రం ఫోన్ మోగింది. మా ఆయన తీసి, విని, మొహమంతా నవ్వు చేసుకుని, "మిగతా ఆట చెయ్యమన్నారంట! ఇంట్లోంచే!" అని అరిచారు. నేను లాక్కుని మాట్లాడాను. జనం విరగబడి నవ్వారట కాఫీల దగ్గర. ఒకమ్మాయి ఆడిందే ఆడిందట. కోడి అందరికీ నచ్చిందట. నేను గుమ్మడికాయన్న కోడి! చివరికి మా అత్తగారికి ఇచ్చాను. ఆవిడ జీతం సంగతి అడగలేదు.

"అమ్మాయ్, ఎంతమంది వెనక్కి తిరిగేరే?"

ఫోన్లో రేవతి గొంతు పక్కనున్న నాకూ వినబడుతోంది. "ఎవరూ తిరగలేదమ్మా."

"ఒక్కరూనా?"

"ఒక్కరూ తిరగలేదు."

"ఆ మనిషిని చూసుండరు."

"చూసేరమ్మా. చూసి ఆవిడ దగ్గరికే వెళ్ళేరు. ముందు ఆవిడ్నే పలకరించేరు. గొడుగావిడ గొడుగావిడ అని ఒకటే గోల. ఆవిడకి నుదుటి మీద ఏం లేదన్న సంగతే ఎవరికీ తెలీలేదు. నేను అడిగితే మళ్ళీ చూసి, అవునా, దానికేంటి అన్నారు."

మా అత్తగారు రిసీవర్ చెవికి ఆనించుకునే, కొంగుతో నుదురు తుడుచుకున్నారు. "ఏం తిన్నావే?" అని అడిగి ఫోన్ నా చేతికిచ్చేశారు.

రేవతి తిరిగొచ్చే రోజు పొద్దున్న మా ఆయన అమలాపురం వెళ్ళడానికి బండి తీశారు. అలవాటు కొద్దీ నన్ను కేకేశారు. నేను చెంబుతో గేటు దగ్గరకి వచ్చేసరికి వీధిలో అప్పటికే ఒక మనిషి ఎదురొస్తున్నారు. మా అత్తగారు. సూర్యావతి పిన్నిగారి దడిదాకా వెళ్ళి, అక్కడ్నించి తిరిగి, వీధి మధ్యలోంచి నడిచి వస్తున్నారు. పిన్నిగారు దడి మీంచి తల పెట్టి చూస్తున్నారు.

మా ఆయన బండి పట్టుకుని నిలబడిపోయారు. నా వైపు చూశారు. నేను చెంబు గేటు పక్కన పెట్టేశాను.

ఆవిడ దగ్గరకి వచ్చి ఆగారు. "అలా నిలబడ్డావేంట్రా? పిల్ల బస్టాండులో కూర్చునుంటాది. బయల్దేరు."

"ఆయ్" అన్నారు మా ఆయన. వెనక్కి తిరగలేదు, లోపలికి రాలేదు, మంచినీళ్ళు అడగలేదు. కిక్కు కొట్టి వెళ్ళిపోయారు.

మా అత్తగారు లోపలికి వస్తారనుకున్నాను, రాలేదు. అరుగు మీద కూర్చున్నారు. పొద్దున్నే పనుల మీద పోయేవాళ్ళు పోతున్నారు. ఒకరిద్దరు నడక తగ్గించారు. ధనరాజుగారు సైకిలు దిగి, ఏం చెయ్యాలో తోచక, "బాగున్నారా అండీ" అని నమస్కారం పెట్టి, మళ్ళీ సైకిలెక్కి ముందుకే వెళ్ళారు. అది చూసి నేను లోపలికెళ్ళి ఆవిడకి కాఫీ తెచ్చాను.

బండి చప్పుడు వినబడేసరికి ఎండ బాగా ఎక్కింది. వీధి మొదట్లో చెరుకు బండి అడ్డంగా ఉంటే రేవతి అక్కడే దిగి, సంచీ పట్టుకుని నడుచుకుంటూ వస్తోంది. మా అత్తగారు మెట్లు దిగి వీధిలోకి వెళ్ళారు. రేవతి తల్లిని చూసి ఆగిపోయింది. ఆవిడ వెనకాల ఎవరైనా ప్రయాణమై వస్తున్నారేమోనని, తను ఎటు తప్పుకోవాలోనని, ఆ పిల్ల కళ్ళు అటూ ఇటూ వెతికాయి. నాకు ఇక్కడ్నించే కనబడింది.

ఎవరూ లేరు. మా అత్తగారు ఆగకుండా నడుస్తున్నారు. రేవతి సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని నడక మొదలెట్టింది. నుదుట చుక్కలేని ఇద్దరు ఆడవాళ్ళు, వీధి మధ్యలో, ఒకరికొకరు ఎదురొస్తున్నారు. ఇద్దరిలో ఎవరూ వెనక్కి తిరగలేదు.